పోస్టు చేయని ఉత్తరం

‘‘ఏ పని మొదలుపెట్టినా మధ్యలో వదిలేస్తాను. నా మీద నాకే నమ్మకం పోయింది. దారి చెప్పండి’’ అని ఒక సోదరి వ్రాశారు. వారం రోజులుగా ఆ ఉత్తరం నా బల్లమీదే ఉన్నది. ఉత్తరాల విషయంలో నా చరిత్ర పాపం ఆమెకు తెలియదు.

నలభై ఏళ్ళ క్రితం మేము మదనపల్లెలో ఉండేవాళ్ళం. మా అక్క టీచరు ట్రెయినింగుకు దరఖాస్తు నింపి, కవరు అంటించి, పోస్టులో వేసి రమ్మని నా చేతికిచ్చింది. దారిలో స్నేహితులు కలిశారు. మాట్నీకి వెళ్ళాం. కవరు జేబులోనే ఉండిపోయింది. గుర్తు వచ్చేసరికి గడువు దాటింది. భయపడి చింపి పారేశాను. ‘‘వేశానక్కా, దారిలో ఎక్కడో పోయి ఉంటుంది’’ అన్నాను. అక్క నమ్మింది. మరుసటి ఏడు పెళ్ళయి కుప్పం వెళ్ళిపోయింది.

నమ్మనిదల్లా నేనే. ఈనాటికీ ఉత్తరం డబ్బాలో వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి డబ్బా నోట్లో వేలు పెట్టి చూస్తాను. తాళం వేసి రెండుసార్లు లాగుతాను. ఇంట్లోవాళ్ళు దీనిని జాగ్రత్త అంటారు. ఒకసారి దొంగలెక్క వ్రాసిన గుమాస్తాను యజమాని ఎలా చూస్తాడో, నన్ను నేను అలా చూసుకుంటున్నానన్న మాట.

మొన్న పనిమీద మదనపల్లె వెళ్ళాను. 1895లో జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి. 1909లో ఆ కుటుంబం మద్రాసు అడయారు చేరింది. అక్కడి దివ్యజ్ఞాన సమాజం పెద్దలు, రాబోయే జగద్గురువు ఈ కుర్రవాడేనని నమ్మి, 1911లో అతన్ని అధిపతిగా పెట్టి ఒక సంఘమే స్థాపించారు. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, అనిబిసెంటు ఎదుటనే, సుమారు 3,000 మంది సభ్యులు వింటుండగా ఆయన ఆ సంఘాన్ని రద్దు చేశాడు. విరాళాలుగా వచ్చిన ఆస్తులను ఇచ్చినవారికి తిప్పి ఇచ్చేశాడు. 1986లో కన్నుమూసేదాకా తననూ గురువుగా పట్టుకోవద్దనే చెప్పాడు.

అందరూ ఆనాటి ఉపన్యాసాన్ని మెచ్చుకుంటారు. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ తిప్పి ఇవ్వడమే. మాట అనడం ఒక పూట పని. పైసా పైసా లెక్క అప్పజెప్పడం ఒక పూటతో తీరదు కదా! ఇంటికి పోవలసినవాణ్ణి కుప్పం దారి పట్టాను.

పుంగనూరు దాకా ధైర్యంగానే ఉన్నాను. అక్కడ బస్సు ఆగగానే సాకులు మొదలయ్యాయి. ఇన్నేళ్ళ తర్వాత అక్క మనసు కష్టపెట్టడమెందుకు? ఇక్కడే దిగి పుంగనూరు ఆవును చూసి పోతేనో? సుమారు మూడడుగుల ఎత్తుండే ఆ పొట్టి ఆవు చూడదగిన ప్రాణే. ఒకప్పుడు ఆ జాతి అంతరించిపోతుందనే భయపడ్డారు. కాని ఆ పూట నాకు పుట్టుకొచ్చిన గోభక్తి సంగతి నాకు తెలుసు. దిగలేదు. బస్సు పలమనేరు దారిన కదిలింది.

కుప్పంలో అక్క వాకిట్లో కూర్చుని, నానబెట్టిన అనపగింజలు పితుకుతున్నది. ‘‘ఏమిరా, చెప్పకుండా వస్తివి?’’ అన్నది. మూడు రాష్ట్రాలు కలిసే ఊళ్ళో ఇన్నేళ్ళ కాపురం. ఆమె యాసలోకి కొంత అరవం, కొంత కన్నడం వచ్చి చేరాయి.

స్నేహితులు బలవంతం చేశారని మొదలుపెట్టాను. ఆగిపోయాను. మళ్ళీ మొదటినుంచి చెప్పాను. సినిమాకు వెళ్ళింది నేను, చింపింది నేను, అబద్ధమాడింది నేను.

అక్క చేతులు ఆగాయి. ‘‘ఆ ఎండాకాలమంతా పోస్టుమాను కోసరం వాకిట్లో నిలబడుకోని చూస్తిని రా’’ అన్నది. అంతే. క్షమించాననలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఆ బరువు కూడా ఆమె మీదికే నెట్టినట్లవుతుంది. చాలాసేపటికి గిన్నె నా వైపు జరిపి, ‘‘ఊరికే కూర్చోవద్దు, పితుకు. రాత్రికి పితికిపప్పు చేస్తా’’ అన్నది.

ఇంటికి రాగానే ఆ సోదరికి జవాబు వ్రాశాను. వదిలేసిన పనుల్లో మరొకరికి నష్టం తెచ్చినది ఏదో ముందు దానిని చూసుకోమన్నాను. అంతకు మించిన దారి నాకూ తెలియదు. ఉత్తరం డబ్బాలో వేసి నాలుగడుగులు నడిచాను. వెనక్కి వచ్చి వేలు పెట్టి చూసిన మాట కూడా దాచను.