కాలందని బండి

షోరూంలోకి అడుగుపెట్టిన మనిషి ఇంకా ధర కూడా అడగడు. సేల్స్ కుర్రాడు ఆయన్ని కింది నుంచి పైకి ఓసారి చూసి 'అది మీకు ఎత్తయిపోతుందండీ, కాళ్లందవు' అనేస్తాడు. పక్కనున్న వంద సీసీ బండి దగ్గరకు తీసుకెళతాడు. రాయగడ, జయపురం, హోసూరు, బళ్లారి... ఊరు ఏదైనా ఇదే తంతు. అయిదడుగుల మూడంగుళాల మనిషి మట్టిరోడ్డు తట్టుకునే బండి అడగడమే అత్యాశ అన్నట్టు ఉంటుంది వ్యవహారం. కొందరు మొహమాటపడి చూపించిన బండే తీసుకుని ఇంటికొచ్చేస్తారు. పట్టుదల ఉన్నవాళ్లు కోరుకున్నదే కొని, వారం తిరక్కుండా మెకానిక్ దగ్గరకు తోలుకెళ్లి 'రెండంగుళాలు దించెయ్' అంటారు. మొదటి వారికి పనికొచ్చే బండి దక్కదు. రెండోవారికి దక్కిన బండి పాడవుతుంది. తెలిసి కొంటే ఈ రెండు నష్టాలూ తప్పించుకోదగ్గవే.

ఆఫ్‌రోడ్ బండి అనగానే లడఖ్ యాత్రలు, సరదా కుర్రాళ్లు గుర్తుకు రావడం సహజం. సరిహద్దు జిల్లాల సంగతి వేరు. సాలూరు ఘాట్ ఎక్కి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ వెళ్లే జాతీయ రహదారి మీద ఏ బండైనా పోతుంది. ఆ రోడ్డు వదిలి కొండ మీది ఊళ్ల వైపు తిరిగితే రాళ్లు, గెడ్డలు, వానాకాలం కోసుకుపోయిన బాటలు ఎదురవుతాయి. డెంకణికోట, అంచెట్టి అడవి దారులూ, సండూరు కొండల ఎర్రమట్టి దారులూ పెద్ద తేడాగా ఉండవు. 1,672 మీటర్ల దేవమాలి శిఖరం చూడడానికి విశాఖ, విజయనగరాల నుంచి ఆదివారాలు వచ్చే వారికి అది ఓ రోజు ముచ్చట. కొండమీది బడికి వెళ్లే పంతులుగారికీ, టీకాల పెట్టె వెంటేసుకుని తిరిగే ఆరోగ్య కార్యకర్తకూ, ఉత్తరాలు పంచే మనిషికీ, వారపు సంతలకు సరుకు వేసుకెళ్లే చిల్లర వ్యాపారికీ అది రోజూ పడే పాటు. వీళ్లలో ఆరడుగుల వాళ్లు ఎందరుంటారు?

అసలు 'పొట్టి' అన్న మాట దగ్గరే లెక్క తప్పుతోంది. 2016లో వెలువడిన ఓ అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం 1996లో పుట్టిన భారతీయ పురుషుల సగటు ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లు, స్త్రీలది సుమారు 153. అంటే మగవారి సగటు అయిదడుగుల అయిదంగుళాలు, ఆడవారిది అయిదడుగులు. 165 సెంటీమీటర్ల మనిషికి తొడల మధ్య నుంచి పాదం దాకా కాలి పొడవు 75 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఇక బళ్ల సంగతి. 2021లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. 2023 నవంబరులో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450ది కూడా 825, పైకి జరిపితే 845. సుజుకీ వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్‌ది 835. కవాసకీ కేఎల్ఎక్స్ 230 అయితే 880. మనిషి కూర్చుంటే స్ప్రింగులు కొంత దిగుతాయి కాబట్టి తేడా కాస్త తగ్గుతుంది. అయినా ఈ బళ్ల మీద మన దేశపు సగటు మనిషికి కూడా రెండు పాదాలూ నిండుగా నేలకు ఆనవు. లోపం మనిషిలో ఉందనుకుని షోరూంలో సిగ్గుపడాల్సిన పని ఎవరికీ లేదు.

మరి కంపెనీలు ఎత్తు తగ్గించవచ్చు కదా అనిపిస్తుంది. కావాలని ఎత్తు పెంచినవి కావవి. రాయి తగిలితే ఇంజను అడుగు పగలకూడదు, గుంతలో పడితే చక్రం పైకి లేచేందుకు చోటుండాలి, ముందు చక్రం పెద్దదైతేనే గట్టు ఎక్కుతుంది. ఈ మూడూ కలిసి సీటును పైకి తోస్తాయి. ఎక్స్‌పల్స్‌నే తీసుకుంటే మామూలు రకంలో ఇంజను అడుక్కీ నేలకీ మధ్య ఖాళీ 220 మిల్లీమీటర్లు, సీటు 825. అదే ఇంజనుతో 2023లో వచ్చిన ప్రో రకంలో ఖాళీ 270కి పెరిగితే సీటు 891కి పోయింది. అందుకే కొనేవారు మొట్టమొదట వేసుకోవాల్సిన ప్రశ్న తమ కాలి పొడవు గురించి కాదు, తమ దారి గురించి. రోజూ వెళ్లే బాటలో మోకాలెత్తు బండరాళ్లు లేనప్పుడు 270 ఖాళీకి డబ్బు పోసి, దాంతోపాటు అందని సీటు తెచ్చుకోవడం దేనికి? కంకర తేలిన మట్టిరోడ్డుకు 200, 220 ఖాళీ సరిపోతుంది.

రెండో ప్రశ్న బరువు. షోరూముల్లో దీని ఊసే రాదు. సీటు ఎత్తు అంకె చూసి బండి ఎంచుకునేవారు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతుంది. 2016లో తొలిసారి వచ్చిన పాత హిమాలయన్ సీటు 800 మిల్లీమీటర్లే. కురచవాళ్లకు అదే దిక్కని చాలాకాలం చెప్పుకున్నారు. అయితే ఆ బండి బీఎస్ 6 రూపంలో 199 కిలోలు తూగేది. కొత్త 450 కూడా 196 కిలోలు. ఎక్స్‌పల్స్ 200 4వీ 160 కిలోలకు కాస్త అటూ ఇటూ. 880 మిల్లీమీటర్ల ఎత్తుతో బెదరగొట్టే కేఎల్ఎక్స్ బరువు 139 కిలోలే. కాలు నిండుగా ఆనినా సరే, 199 కిలోల బండి ఒక్కసారి పక్కకు ఒరిగిందంటే 55 కిలోల మనిషి ఆపలేడు. మునివేళ్లే ఆనినా 140 కిలోల బండిని తుంటితో తోసి నిలబెట్టగలడు. గెడ్డ దాటుతూ నీళ్లలో పడ్డ బండిని లేపాల్సి వచ్చినప్పుడు ఎత్తు సంగతి ఎవరికీ గుర్తుండదు, బరువే నడుం విరుస్తుంది. దిగుడు సీటుకూ తేలిక బరువుకూ మధ్య ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే కొండదారి మనిషి తేలిక బండినే ఎంచుకోవాలి. 

సీటు ఎత్తు ఒకటే అయినా అన్ని బళ్లూ ఒకేలా అందవన్న సంగతి కూడా కాగితం చెప్పదు. సీటు ముందుభాగం వెడల్పుగా ఉంటే తొడలు విడిపోయి కాలు పక్కకు పోతుంది. సన్నగా ఉంటే నిటారుగా కిందికి దిగుతుంది. ఈ తేడా ఒక్కోసారి రెండు సెంటీమీటర్ల ఎత్తుతో సమానం. అందుకని ఎక్కి చూడడం ఒక్కటే దారి. అదీ చెప్పులతో కాదు. రోజూ తొడుక్కునే మందపాటి బూట్లు వేసుకునే వెళ్లాలి. సెంటర్ స్టాండు మీద కాకుండా నేల మీద నిలిపిన బండినే ఎక్కాలి. వీపుకు సంచీ తగిలించుకుని కూర్చుంటే స్ప్రింగులు ఎంత దిగేదీ తెలుస్తుంది. వెనక షాకబ్సార్బర్ స్ప్రింగు బిగువును చాలా బళ్లలో తగ్గించవచ్చు. బరువు తక్కువున్న మనిషికి ఆ ఒక్క మార్పుతోనే వేళ్లు కాస్త ముందుగా నేలను తాకుతాయి. పైసా ఖర్చు లేని ఈ పని అడిగితే తప్ప చేసిపెట్టేవాళ్లు అరుదు. మరీ తగ్గించేసి ఇద్దరెక్కితే అడుగు తగులుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

అలాగే రెండు కాళ్లూ ఆనాలన్న పట్టుదల వదులుకోవాలి. మోటోక్రాస్ పోటీ బళ్ల సీటు 950 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. వాటి మీద కూర్చుని రెండు పాదాలూ నిండుగా ఆనించగలిగేవాళ్లు పొడుగువాళ్లలోనూ తక్కువే. అమెరికా మోటోక్రాస్‌లో 2002లోనూ, 2004లోనూ సీజన్‌లోని 24 రేసులకు 24 రేసులూ గెలిచిన రికీ కార్‌మైకేల్ దాదాపు అయిదడుగుల ఆరంగుళాల మనిషి. ఆయనకున్న నైపుణ్యం అందరికీ రాదు, నిజమే. ఆగేటప్పుడు చేసే పని మాత్రం ఎవరైనా పది రోజుల్లో నేర్చుకోవచ్చు. బండి ఆగే ముందే తుంటిని నాలుగు వేళ్ల మేర ఎడమకు జరిపి ఎడమకాలు నిండుగా దించాలి. కుడికాలు వెనక బ్రేకు మీదే ఉంటుంది కాబట్టి వాలులో బండి జారదు. ఘాట్ రోడ్డులో కాలు ఎప్పుడూ కొండవైపే దించాలి. లోయ ఎడమన ఉంటే కుడికాలు దించి చేతి బ్రేకు పట్టుకోవడం కూడా చేతనై ఉండాలి. ఎక్కడ ఆగాలో నాలుగు గజాల ముందే చూసుకోవడం దీనంతటిలోకీ ముఖ్యం. గుంత పక్కన ఆగితే ఆరడుగుల వాడికీ కాలందదు, చిన్న గట్టు పక్కన ఆగితే అయిదడుగుల వాడికీ అందుతుంది. ఊళ్లో ఖాళీ మైదానం చూసుకుని ఇదొక్కటే వందసార్లు చేస్తే షోరూం కుర్రాడి మాట మరచిపోవచ్చు.

బండిని దించే పని గురించి మాత్రం గట్టిగానే చెప్పాలి. వెనక షాకబ్సార్బర్‌కు కలిసే లింకును మార్చి వేరే పొడవుది వేస్తే సీటు దిగుతుంది. పట్టణాల్లో ఇది గంట పని. వెనక మాత్రమే దించి ముందు ఫోర్కులను ఆ మేరకు సర్దకపోతే హ్యాండిల్ మొద్దుబారుతుంది, మలుపులో బండి మాట వినదు. ముందూ వెనకా సమానంగా దించినా, ఏ ఖాళీ కోసం లక్షలు పోశారో ఆ ఖాళీయే పోతుంది. సైడు స్టాండు పొడవు మారదు కాబట్టి బండి దాదాపు నిటారుగా నిలబడుతుంది, గట్టిగా గాలి వీస్తే అవతలి వైపు పడుతుంది. స్టాండు కోయించడం మరో ఖర్చు. చట్టం సంగతీ ఉంది. తయారీదారు మొదట నిర్దేశించిన, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటోంది. 2019 సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించే వీలు వచ్చింది. లింకు మార్చారని దారిలో ఆపి కేసు రాసేవాళ్లు కనబడకపోవచ్చు. ప్రమాదం జరిగాక బీమా దగ్గర పేచీ వస్తే ఆ సామాను ఎవరి తరఫున సాక్ష్యం చెబుతుందో ఆలోచించుకోవాలి.

అంతకంటే సీటు చెక్కించుకోవడం నయం. సీట్లు కుట్టే మేస్త్రి దగ్గర ముందుభాగంలో రెండు అంచులూ వాలుగా తీయిస్తే చాలు, కాలు నిటారుగా దిగుతుంది. కూర్చునే చోట ఫోమ్ అంతా కోసేస్తే యాభై కిలోమీటర్లకే నడుం పట్టేస్తుంది. పాత ఫోమ్ పారేయకుండా ఇంట్లో ఉంచుకుంటే బండి అమ్మేటప్పుడు పనికొస్తుంది. 

ఆడవాళ్ల విషయంలో ఈ కథ మరీ అన్యాయంగా నడుస్తోంది. కొండ ఊళ్లలో డ్యూటీ చేసే నర్సులు, ఉపాధ్యాయినులు స్కూటర్లే కొంటున్నారు. చిన్న చక్రాల స్కూటర్ కంకర మీద ఎలా జారుతుందో ఆ దారి తొక్కినవాళ్లకు తెలుసు. 'మేడమ్‌కి ఇది వద్దండీ' అని వెంట వచ్చిన భర్తకో అన్నకో చెప్పి పంపేసే షోరూములు ఆమెను ఒక్కసారి ఎక్కి కూర్చోనిచ్చిన పాపాన పోవు. అయిదడుగుల మనిషికి 825 సీటు కష్టమే, అందులో దాపరికం లేదు. తేలికైన బండి, సన్నటి సీటు, పది రోజుల సాధన కలిస్తే అసాధ్యం మాత్రం కాదు.

కంపెనీల బాధ్యత ఎంతో ఉంది. హిమాలయన్ 450కి 805 మిల్లీమీటర్ల దిగుడు సీటు విడిగా అమ్ముతున్నారు. మంచిదే. కొనేరోజునే, అదనపు సొమ్ము లేకుండా, ఏ సీటు కావాలంటే ఆ సీటు బిగించి ఇవ్వడానికి ఏమిటి అడ్డం? తెనుగువాళ్లు వేలాదిగా ఉంటున్న హోసూరు టీవీఎస్ బళ్ల ఊరు. బళ్లు తయారయ్యే ఊళ్లలోనూ, అవి నలిగే ఊళ్లలోనూ మనిషి ఎత్తు ఒకటే అన్నది డిజైన్ గదుల్లో వాళ్లకు తెలియంది కాదు.

చిన్న పట్టణాల షోరూముల్లో ఎక్కి చూసేందుకు బండే ఉండదు, బొమ్మల పుస్తకం చూసి అడ్వాన్సు కట్టాలి. అందుకే రాయగడ వాళ్లు విజయనగరానికీ, హోసూరు వాళ్లు బెంగళూరుకూ పోతున్నారు. అక్కడ చూసుకోవడం వరకూ మంచిదే, కొనడం మాత్రం సొంత రాష్ట్రంలోనే కొనాలి. పక్క రాష్ట్రం నంబరు బండిని ఇంటి దగ్గర పన్నెండు నెలలకు మించి ఉంచుకుంటే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి. మొదటి రాష్ట్రం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తేవాలి, పన్ను ఇక్కడ మళ్లీ కట్టి అక్కడ కట్టినదాని కోసం తిరగాలి. జిల్లా కేంద్రానికి ఒక్కో బండి, వారంలో ఒక్క రోజయినా, ఎక్కి చూసేందుకు పంపిస్తే సరిహద్దు జనానికి ఈ తిరుగుడు తప్పుతుంది. సంత రోజయితే ఇంకా మంచిది, కొండ దిగి వచ్చేవాళ్లు ఆ రోజే వస్తారు.