ఇన్‌జోయ్: అందం ఉంది, గోల లేదు

ఇన్‌జోయ్ స్క్రీన్‌షాట్లు చూసి పడిపోనివాళ్లు ఉండరు. జుట్టు, చర్మం, వాన వెలిశాక రోడ్డు మీద మెరుపు, అన్నీ అచ్చం నిజంలాగే ఉంటాయి. మనందరికీ తెలిసిన బీజీఎంఐ వెనకున్న క్రాఫ్టన్ కంపెనీయే అన్‌రియల్ ఇంజిన్ 5 మీద దీన్ని తయారుచేసి, 2025 మార్చి 28న ఎర్లీ యాక్సెస్‌లో వదిలింది. వారంలోనే 10 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. అయినా ‘ద సిమ్స్’ ఆడి పెరిగిన పాత ఫ్యాన్స్‌లో చాలామందికి మొదటి మోజు తీరగానే నిరాశే మిగిలింది. నాకూ అంతే. దీనికి కారణం బగ్స్ కాదు, ‘పాతదే బంగారం’ అనే మొండితనం అసలే కాదు. ఈ గేమ్‌లో గోల లేదు.

గోల అంటే ఏంటో చెప్తాను. మా ముదినేపల్లిలో ఒకరింట్లో పెళ్లిచూపులు జరిగితే సాయంత్రానికి నాలుగు వీధులకీ తెలిసిపోతుంది. చేపల చెరువు లీజు దగ్గర మాటామాటా అనుకున్న అన్నదమ్ములు పక్కపక్క ఇళ్లలోనే ఉంటూ ఏళ్ల తరబడి పలకరించుకోరు. వాళ్ల పిల్లలు మాత్రం ఒకే ఆటోలో స్కూలుకెళ్తారు. జరిగినదాన్ని మనుషులు గుర్తుపెట్టుకుంటారు, దాని ఫలితం ఎప్పుడో ఒకప్పుడు మన మీదికొస్తుంది. లైఫ్ సిమ్యులేషన్ అని పేరు పెట్టుకున్నాక సిమ్యులేట్ చేయాల్సింది ముందు దీన్నే.

సిమ్స్ పుట్టుకలోనే ఈ సంగతి ఉంది. 1991లో ఓక్లాండ్ కొండల్లో వచ్చిన కార్చిచ్చులో విల్ రైట్ ఇల్లు కాలిపోయింది. మళ్లీ ఒక్కో వస్తువూ కొనుక్కుంటూ సంసారం కూడదీసుకునేటప్పుడు, మనిషికి నిజంగా ఏం కావాలి అన్న ఆలోచనలోంచి ఆయనకి ఈ గేమ్ తట్టింది. మొదట అది ఇళ్లు కట్టే గేమే. ఆ ఇల్లు బాగుందో లేదో తేల్చడానికి లోపల మనుషుల్ని పెట్టారు. చివరికి ఆ మనుషులే గేమ్ అయిపోయారు.

2000 ఫిబ్రవరిలో వచ్చిన ఆ మొదటి సిమ్స్ 32 ఎంబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ మీద నడిచేది. దాని డిజైన్ ఎంత సింపులో చూడండి. ఆకలి, నిద్ర, సరదా, తోడు లాంటి ఎనిమిది అవసరాలు ప్రతి సిమ్‌కీ ఉంటాయి. తెలివంతా వస్తువుల్లో దాచారు. ‘నా దగ్గరికొస్తే నీ ఆకలి ఇంత తీరుతుంది’ అని ఫ్రిజ్ తనే పిలుస్తుంది, ‘కాసేపు సరదా’ అని టీవీ పిలుస్తుంది. ఆ క్షణానికి ఏది ఎక్కువ గిట్టుబాటైతే సిమ్ అటు పోతాడు. వంట సరిగ్గా రానివాడు స్టవ్ ముట్టుకుంటే మంటలు లేస్తాయి. నాలుగు రూల్స్ ఒకదాన్నొకటి గుద్దుకుంటే కథ దానంతటదే పుట్టేది.

2004లో వచ్చిన సిమ్స్ 2 ఇంకో అడుగు ముందుకేసి జ్ఞాపకాలు ఇచ్చింది. మొదటి ముద్దు, ఇంట్లో చావు, మొగుడు చేసిన మోసం, అన్నీ ఆ మనిషి ఖాతాలో ఉండిపోయేవి. కోరికలతోపాటు భయాలు కూడా ఉండేవి. అందుకే ఆ బొమ్మల ముఖాలు ఇప్పుడు చూస్తే ప్లాస్టిక్‌లా ఉన్నా, వాళ్ల మీద జాలేసేది.

ఇన్‌జోయ్‌కి కనీసం 12 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 2060 కావాలి. ర్యామ్ ఒక్కటే మొదటి సిమ్స్ కంటే 384 రెట్లు. ఆ బలమంతా కళ్లకి కనిపించేదాని మీదే ఖర్చయింది. ఒక జోయ్‌తో పొద్దున గొడవపడి సాయంత్రం మళ్లీ పలకరిస్తే, ఆ గొడవ బరువు ఎక్కడా తగలదు. మాట్లాడ్డానికి ఆప్షన్లు బోలెడు కనిపిస్తాయి, కానీ దేన్ని నొక్కినా ముఖాల్లో పెద్ద తేడా ఉండదు. ఎన్‌విడియా టెక్నాలజీతో ‘స్మార్ట్ జోయ్’ అని చిన్న ఏఐ మోడల్ కూడా పెట్టారు. అది జోయ్ మనసులో ఏముందో చక్కగా రాసి చూపిస్తుంది. ఆలోచన వచ్చింది సరే, దాని వల్ల పక్కింటివాడి జీవితంలో ఏం మారింది? కోడ్ రాసేవాడిగా నాకు అనిపించేది ఇదే: మాటలు పుట్టించడం వేరు, పర్యవసానాలు పుట్టించడం వేరు. రెండోది లాంగ్వేజ్ మోడల్ తగిలించినంత మాత్రాన రాదు.

‘ఇంకా పూర్తికాని గేమ్‌ని, బోలెడు ఎక్స్‌పాన్షన్లున్న సిమ్స్‌తో పోల్చడం అన్యాయం కదా’ అని మీరు అడగొచ్చు. నిజమే. అందుకే నేను ఏ ఎక్స్‌పాన్షనూ లేని 2000 నాటి గేమ్‌తోనే పోలుస్తున్నాను. పైగా సిమ్స్ 4 ఏమీ తులసి మొక్క కాదు. 2014లో స్విమ్మింగ్ పూల్స్ లేకుండా, బుడిబుడి నడకల పిల్లలు లేకుండా వచ్చింది. ఆ పిల్లలు రావడానికి 2017 జనవరి దాకా పట్టింది. లోడింగ్ స్క్రీన్ లేకుండా ఊరంతా తిరిగే సిమ్స్ 3 స్వేచ్ఛని కూడా తీసేసింది. ఆ విషయంలో ఇన్‌జోయే మేలు. ఊళ్లో హాయిగా తిరగొచ్చు, కారు నడపొచ్చు, సోఫా రంగు మన ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు. ఇవన్నీ పాత ఫ్యాన్స్ ఏళ్ల తరబడి అడిగినవే.

అందుకే బాధ. ఈ జానర్‌లో మనకున్నది దాదాపు ఒకే కొట్టు. పోటీగా వస్తుందనుకున్న పారడాక్స్ వాళ్ల ‘లైఫ్ బై యూ’ 2024 జూన్‌లో రిలీజ్ కాకుండానే రద్దయింది. ఇన్‌జోయ్ కూడా అందాల బొమ్మల కొలువుగా మిగిలిపోతే, ఒక్కో ఎక్స్‌పాన్షన్‌కి 40 డాలర్లు చెప్పే ఈఏకి భయపడాల్సిన పని ఉండదు. నష్టపోయేది మనమే.

కాబట్టి నా సలహా ఇది. క్యారెక్టర్లు తయారుచేయడం, ఇళ్లు కట్టడం మీకు ఇష్టమై, మంచి గేమింగ్ ల్యాప్‌టాప్ ఇప్పటికే ఉంటే ఇన్‌జోయ్ కొనుక్కోండి, డబ్బు వృథా కాదు. దీనికోసమే కొత్త గ్రాఫిక్స్ కార్డు మాత్రం కొనొద్దు. మామూలు కాలేజీ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి సిమ్స్ 4 బేస్ గేమ్ 2022 అక్టోబర్ నుంచి ఫ్రీ. పాత ఆటలో ఏముండేదో తెలుసుకోవాలనుంటే, 25 ఏళ్ల సందర్భంగా 2025 జనవరి చివర్లో మళ్లీ విడుదలైన మొదటి రెండు సిమ్స్ లెగసీ కలెక్షన్లు చూడండి. క్రాఫ్టన్ వాళ్లకి మాత్రం ఒకటే మాట: ఇంకో కొత్త నగరం, ఇంకో కొత్త డ్రెస్సు కొన్నాళ్లు ఆగినా పర్లేదు. ముందు ఆ జోయ్‌లకి పగబట్టడం, అలగడం, క్షమించడం నేర్పండి.