నడవలేనని చూపించడానికి ఎంత దూరం నడవాలి?

మా గూడెంలో ఒక అవ్వ ఉంది. ఆధార్ కార్డు ప్రకారం 57 ఏళ్ళు. కార్డులో పుట్టినరోజు జనవరి 1 అని ఉంటుంది. మా గూడెంలో సగం మంది జనవరి 1నే పుట్టారు, అది వేరే కథ. మూడేళ్ళ క్రితం అడ్డాకులకు కొండెక్కి జారి పడింది. తుంటి విరిగింది. ఎముక అతుక్కుంది గానీ కాలు పొట్టిదై, బిగుసుకుపోయింది. చదునైన చోట కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది. మా గూడెంలో చదునైన చోటు ఎక్కడుంది? గెడ్డకు దిగాలన్నా, బయటికి పోవాలన్నా చేతుల మీద పాకాల్సిందే.

ఆమెకు నెలకు 4,000 రూపాయల వృద్ధాప్య పింఛన్ వస్తోంది. వికలాంగుల పింఛన్ 6,000. అది ఇప్పించమని సచివాలయానికి వెళ్ళాం. అక్కడి ఉద్యోగి మంచివాడే, మనవాడే. "ముసలాళ్ళందరికీ కాళ్ళు పోతాయి కదా మాష్టారూ, పింఛన్ వస్తూనే ఉంది, ఇంకేమిటి?" అన్నాడు.

ఆ మాటకు జవాబు చెప్పాలని ఇది రాస్తున్నాం.

ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛన్ మిగతావారికి 60 ఏళ్ళకు, ఎస్టీలకు 50కే. పోడు చేసి, కావిళ్ళు మోసి, జ్వరాలు పడి మనవాళ్ళు త్వరగా అరిగిపోతారని సర్కారు ఒప్పుకున్నట్టే కదా. మంచిదే, దాన్ని కాదనం. కానీ ఆ మేలు లోపల ఒక మెలిక ఉంది. మైదానంలో 53 ఏళ్ళ మనిషికి తుంటి విరిగితే ఆమెకు ఇంకా ముసలి పింఛన్ లేదు. కాబట్టి ఇంటివాళ్ళు సదరం క్యాంపుకు తీసుకెళ్తారు, వికలాంగురాలిగా రాయించుకుంటారు. అదే వయసులో, అదే తుంటి మన అవ్వకు విరిగితే ఆమె అప్పటికే కంప్యూటర్‌లో 'వృద్ధులు'. ఆమె కాలు గురించి ఇక ఎవరూ అడగరు. పదేళ్ళు ముందు ఇచ్చామన్న పింఛనే ఆమె మీద మూత అయింది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టాన్ని మన యువకులు ఒకసారి చదవాలి. అందులో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. మన పిల్లల్ని పీడించే సికిల్ సెల్ కూడా అందులో ఉంది. ఫలానా వయసు దాటాక వచ్చింది వైకల్యం కాదని ఆ నిర్వచనంలో ఎక్కడా లేదు. సామాజిక భద్రత పథకాల్లో వికలాంగులకు ఇచ్చే సాయం మిగతావారికి ఇచ్చేదానికంటే కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలని 24వ సెక్షన్ చెబుతోంది. 4,000కూ 6,000కూ మధ్య తేడా ఎవరి జాలీ కాదు. తెలంగాణలోనూ 2,016, 4,016 అని రెండు లెక్కలున్నాయి.

ఎట్టకేలకు స్లాట్ దొరికింది. నలుగురు కుర్రాళ్ళు ఆ రోజు కూలి మానుకుని డోలీ కట్టారు. తారు రోడ్డు దాకా ఆరు కిలోమీటర్లు మోత, అక్కడి నుంచి జీపు. మొదటిసారి డాక్టరు సెలవు. రెండోసారి చూశారు. టైల్స్ వేసిన గదిలో అవ్వ కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసింది. పెద్ద డాక్టరు ముందు పాకడానికి సిగ్గుపడింది మరి. కీలు ఎంత వంగుతుందో కొలిచారు, కాలు ఎంత పొట్టిదైందో కొలిచారు. 36 శాతం అని వచ్చింది. పింఛన్‌కు 40 కావాలి.

డాక్టరును తప్పుపట్టడం లేదు. ఆయన చేతిలో ఉన్న కొలత అది. కానీ ఆ చట్టమే వైకల్యం అంటే ఒంట్లో లోపం ఒక్కటే కాదంటోంది. ఆ లోపానికి చుట్టూ ఉన్న అడ్డంకులు తోడై మనిషిని నలుగురితో సమానంగా బతకనివ్వకపోవడం అంటోంది. అవ్వకు అడ్డంకి ఏమిటి? కొండ. గెడ్డ. లేని రోడ్డు. వాటిని ఆ గదిలో ఎవరు కొలిచారు? టైల్స్ మీద 36 శాతం ఉన్న కాలు మా గూడెం దారిలో ఎంత శాతం? చక్రాల కుర్చీ ఇస్తామని ఒకాయన అన్నాడు. మా రాళ్ళ దారిలో దాన్ని కూడా డోలీలో వేసుకుని మోయాలి.

మా పక్క గూడెంలో ఒక తాత ఉన్నాడు. ఆయనకు 60 శాతం సర్టిఫికెట్ ఉంది. పింఛన్ కేటగిరీ మార్చమంటే "ఆ ఆప్షన్ ఇప్పుడు రావడం లేదు" అన్నారు. 2025లో దొంగ సర్టిఫికెట్లు ఏరివేస్తామని వికలాంగుల పింఛన్లు మళ్ళీ తనిఖీ చేశారు. దొంగలుంటే ఏరండి, మాకేం అభ్యంతరం లేదు. అప్పుడు 40 శాతం లేదని తేలినవారిలో 60 ఏళ్ళు దాటినవారిని వృద్ధాప్య పింఛన్‌కు మార్చాలన్నారు. అంటే 6,000ను 4,000 చేయడం కంప్యూటర్‌కు వచ్చు. 4,000ను 6,000 చేయమంటేనే ఆప్షన్ ఉండదు. పేరు మాత్రం మార్చారు, 'విభిన్న ప్రతిభావంతులు' అట. పాక్కుంటూ గెడ్డ దాటడం ఏ ప్రతిభ కిందికి వస్తుందో!

మన తప్పు కూడా చెప్పుకోవాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల వివరాలు మేము ఏటా యూడైస్‌లో నింపుతాం. అదే ఇంట్లో మూలన కూర్చున్న నాయనమ్మను చూసి, వయసు మీద పడింది అనుకుని వచ్చేస్తాం. చదువుకున్న కుర్రాళ్ళూ అంతే. చేతిలో ఫోను ఉంది, స్లాట్ బుక్ చేయించడం తెలుసు, అయినా ఇంట్లో మనిషి గుర్తుకు రాదు. వచ్చే వేసవి సెలవుల్లో ప్రతి టీచరూ, ప్రతి డిగ్రీ కుర్రాడూ తన గూడెంలో గడప దాటలేని వాళ్ళ పేర్లు రాసి, అర్జీలు పెట్టించాలి. అర్జీ ఇస్తే రసీదు తీసుకోవాలి. శాతం తక్కువ వేస్తే అప్పీలు చేసుకోవచ్చని 59వ సెక్షన్ ఉంది, వాడాలి. వైద్యం చేరువలోనే, ముఖ్యంగా పల్లెల్లో అందాలని 25వ సెక్షన్ అంటోంది. అలాంటప్పుడు పరీక్ష కోసం మంచాన ఉన్న మనిషిని మోసుకెళ్ళడం ఏమిటి? సదరం డాక్టర్లే ఏజెన్సీ మండలాలకు రావాలి. మా దారిలో నడిచి వచ్చి చూడాలి.

అవ్వ తరఫున అప్పీలు రాశాం. వేలిముద్ర వేయమంటే ఆమె వేయలేదు. "అడిగితే ఉన్న నాలుగు వేలూ తీసేయరు కదా బాబూ?" అంది. ఆ డబ్బుతోనే ఆమెకు బియ్యం, మాత్రలు, మనవడికి బడి చెప్పులు. తీసేయరని మేము గట్టిగా చెప్పలేకపోయాం. అప్పీలు తేలేదాకా ఉన్న పింఛన్ ఆగదని సచివాలయం నుంచి కాగితం రాయించుకొస్తామని మాట ఇచ్చాం. రెండుసార్లు వెళ్ళాం. కాగితం ఇంకా ఇవ్వలేదు. వచ్చే సోమవారం మళ్ళీ వెళ్తున్నాం, ఈసారి గూడెం అంతా.