మంచుకొండకి మా అమ్మాయి

కిందటి డిసెంబరులో మా అమ్మాయి స్నేహితురాళ్లతో కలిసి ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ఎక్కుతానంది. పన్నెండున్నర వేల అడుగుల ఎత్తు, దారంతా మంచు! "మన అన్నోజిగూడ చలికే రెండు దుప్పట్లు కప్పుకుంటావు, నువ్వేం ఎక్కుతావే?" అన్నాను. "మన పక్కనున్న భువనగిరి గుట్ట మీదే కదమ్మా మాలావత్ పూర్ణ కొండలెక్కడం నేర్చుకుంది! 2014 మే 25న, పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కేసింది" అంది. ఇంకేం కాదంటాను?

మీ పిల్లలు వెళ్తామంటే ఇవి చెప్పి పంపండి. ఒంటికి ఆనుకునే బట్ట నూలుది వద్దు. చెమటకి తడిస్తే తొందరగా ఆరదు, చలి పట్టేస్తుంది. ఒక్క మందపాటి కోటు కన్నా పలచటివి రెండు మూడు వేసుకుని, పైన ఉన్నిది వేసుకోవడం మేలు. మేజోళ్లు ఇంకో రెండు జతలు ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. మంచు మీద ఎండకి కళ్లు దెబ్బతింటాయి, నల్లకళ్లద్దాలు తప్పనిసరి. దాహం లేకపోయినా నీళ్లు తాగాలి. వేళ్లు తిమ్మిరెక్కి తెల్లబడితే రుద్దకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం, తలనొప్పి, వికారం మొదలైతే దాచకూడదు. అక్కడే ఆగాలి, తగ్గకపోతే కిందికి దిగిపోవాలి.

మా పిల్ల దాచింది. వాంతులయ్యాక గైడు చూసి కిందికి దించితే తేరుకుందట. "ముందే ఎందుకు చెప్పలేదే?" అని కోప్పడ్డాను. "నువ్వు జ్వరమొస్తే ఎవరికైనా చెప్తావా అమ్మా?" అంది.

నాకు నోట మాట రాలేదు. ఈసారి మళ్లీ వెళ్తానంటోంది. ఒంట్లో బాగాలేకపోతే ఇద్దరం చెప్పుకోవాలని ఒట్టు వేయించుకుని సరేనన్నాను.