వధువునకు వీసా వచ్చిన చాలునా?

పడమటి కర్నూలు సీమకు వలస క్రొత్త కాదు. వానలు మొగము చాటువేసిన యేట కోసిగి, ఆదోని, మంత్రాలయము ప్రాంతముల పల్లెలనుండి ఆలుమగలు మూటముల్లె కట్టుకొని, పిల్లలను వెంటబెట్టుకొని, గుంటూరు మిరపచేల దిక్కునకు సుగ్గికి తరలిపోవుచుందురు. ఆ వలసలోని దుఃఖమును తక్కువచేసి చెప్పుట నా యుద్దేశము కాదు. తాళములు పడిన వీధులను, బడి మానిన పసివారిని చూచినవా రెవ్వరును దానిని మెచ్చజాలరు. ఐనను అందొక విషయము గమనింపదగియున్నది: ఆ దంపతు లిరువురును పనిచేయుదురు, ఇరువురును కూలి తెత్తురు, పరాయి ఊరి గుడిసెలో నుండియు ఆ యిల్లాలు సంసారభారమున సగము తనదిగా మోయును.

ఇప్పు డీ తావులనుండియే మఱియొక వలస సాగుచున్నది. ఆదోని ప్రత్తి వ్యాపారుల కుమారులు, ఎమ్మిగనూరు మగ్గపుటిండ్ల మనుమలు ఇంజనీరింగు చదివి, హైదరాబాదు బెంగుళూరుల మీదుగా అమెరికాకో ఇంగ్లండుకో జర్మనీకో పోయి, కొలది వారముల సెలవులో వచ్చి పెండ్లియాడి, తాము ముందుగా వెడలి, వీసా చేతికందిన పిదప భార్యలను రప్పించుకొనుచున్నారు. ఆ వధువులును చదివినవారే. పెక్కురు పెండ్లినాటికే ఉద్యోగములు చేయుచున్నవారు. పెండ్లిచూపులలో వరుని జీత మెంత, గ్రీన్‌కార్డు ఎప్పుడు వచ్చునని తఱచి తఱచి యడుగు పెద్దలు, మా పిల్ల అచ్చట నే వీసాపై నుండును, ఆ వీసాపై పనిచేయు హక్కు కలదా యని యడుగుట మాత్రము మిక్కిలి యరుదు. నా వాదమంతయు నీ యొక్క ప్రశ్నను గూర్చియే.

అమెరికాలో హెచ్‌-1బి వీసాపై పనిచేయువాని భార్యకు లభించునది హెచ్‌-4. 2015 మే 26కు పూర్వము ఆ వీసాపై ఉద్యోగము చేయుటకు వీలే లేదు. ఆనాటినుండి, భర్త గ్రీన్‌కార్డునకై యజమాని పెట్టిన ఐ-140 దరఖాస్తు ఆమోదము పొందినచో, లేదా ఆఱేండ్ల గడువు దాటియు అతని హెచ్‌-1బి పొడిగింపబడియున్నచో, ఆమె పని యనుమతికై దరఖాస్తు చేసికొనవచ్చును. కావున క్రొత్తగా ఉద్యోగమున చేరిన యువకుని భార్య కా యవకాశము సాధారణముగా వెంటనే రాదు. జర్మనీలో బ్లూకార్డు గలవాని భార్య నివాసానుమతి పొందినది మొదలు పనిచేయవచ్చును. ఇంగ్లండులో నైపుణ్యోద్యోగి వీసాపై నున్నవాని వెంట వచ్చిన భార్యకును ఆ హక్కు కలదు. కాని 2024 జనవరినుండి అచ్చట మాస్టర్సు కోర్సులలో క్రొత్తగా చేరువారు, పరిశోధనాప్రధానమైనవి తప్ప, భార్యను వెంట తీసికొనిపోవ వీలులేదు. ఇవి ముహూర్తము పెట్టిన పిదప తెలిసికొనవలసినవి కావు.

నిత్యజీవితము మాట చెప్పెదను. జొన్నపిండియు బొరుగులును ఈనా డచ్చటి భారతీయ దుకాణములలో దొరకును. ఉగ్గాని చేసికొని తినుటకు కొదువ లేదు. కొదువ యంతయు పగటిపూట నున్నది. ఆదోని బజారులో నడిచిపోయి కూరలు తెచ్చుకొనిన పిల్లకు అమెరికా శివారులలో కారు లేనిదే పాలప్యాకెట్టును దుర్లభము. వేసవిలో కాలిఫోర్నియాలో ఉదయ మేడున్నర యగునప్పటికి మనకు రాత్రి యెనిమిది. తల్లితో నాలుగు మాటలాడి ముగించునంతలో భర్త ఆఫీసునకు వెడలిపోవును, ఆపై ఆ దీర్ఘమైన పగలంతయు స్వదేశమున తన వారందఱును నిద్రలో నుందురు. ఎండకు పేరుపడిన మన సీమలో పుట్టి, డిసెంబరులో లండనునందు నాలుగు గంటలైన కాకమునుపే సూర్యు డస్తమించుట చూచు పిల్ల మనస్సు దిగులుపడుట సహజము. ఇట మేలుకొనియున్నవా రడుగునవియు రెండే ప్రశ్నలు: “ఏం చేసినావమ్మా వంట?”, “ఏమన్నా విశేషమా?” ఆమె చదివిన చదువును గూర్చి యడుగువారు లేరు.

“అల్లుడు బాగా సంపాదిస్తాన్నాడు, పిల్లకు పని చేసే కర్మేమి?” అను పెద్దలు కలరు. వారి ప్రేమను శంకింపను, కాని వారి మాటను అంగీకరింపను. మాచాని సోమప్పగారు 1938లో నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిన ఎమ్మిగనూరులో మగ్గమెప్పుడును ఒక్కని చేతిపై నాడలేదు; మగవాడు నాడె విసరుచుండగా ఇంటి ఆడవారు కండెలు చుట్టిరి. ప్రత్తిచేలలో దూది తీయు చేతులును వారివే. ఆ కండెలకు వేరుగ కూలి లెక్కగట్టినవా రరుదన్నదియు నిజమే; ఆ లోపమును సముద్రముల కావలికి సైతము మోసికొనిపోవుట తగునా?

వరునకు చెప్పవలసినది కొంత కలదు. భార్య వచ్చిన మొదటి మాసములలోనే ఆమె పేరును చేర్చి బ్యాంకు ఖాతా తెఱువవలెను, కారు నడపుట నేర్పి లైసెన్సు ఇప్పింపవలెను, వంటపనిలో పాలు పంచుకొనవలెను. పని హక్కు రాని కాలమున చదువుకొనుటకు హెచ్‌-4 వీసా అడ్డు కాదు. అడ్డగునది ఫీజు మాత్రమే. పెండ్లి భోజనములకును నగలకును వెచ్చించు ధనములో కొంత ఆ ఫీజునకై ఆమె పేరనే నిలువయుంచుట తల్లిదండ్రుల చేతిలోని పని. వివాహమును తప్పక రిజిస్టరు చేయించి, ఆ పత్రమును పాస్‌పోర్టును ఆమె చేతనే భద్రపఱపింపుడు.

రానున్న మాఘ ఫాల్గుణములలో విదేశపు సంబంధము కలుపుకొనదలచిన ఆదోని ఎమ్మిగనూరుల తల్లిదండ్రులారా, వరుని యెదుట కూర్చున్ననాడే మీ పిల్ల పని హక్కును గూర్చి తిన్నగా అడుగుడు. అతడు సూటిగా బదులు చెప్పనిచో తాంబూలములు పుచ్చుకొనకుడు.