పితికిపప్పు మాంసం కావాలంటే మగవాళ్ళూ పితకాల



సంక్రాంతి కూటానికి ఈసారీ బిర్యానీ ఆర్డరే ఇస్తారని గ్రూపులో చూసినాం. ఆంబూరు పక్కనుండే మనకు బిర్యానీ మీద కోపమేమీ లేదు. కానీ క్యాసంబళ్ళి చుట్టూ అనపకాయలు కోసే చలికాలంలో పితికిపప్పు మాంసం, రాగిముద్ద పెట్టకపోతే ఇంకెప్పుడు పెడతాం? (అనపకాయంటే కోస్తావాళ్ళు సొరకాయ అనుకుంటారు. మనకు అవరెకాయే.)

"పెట్టొచ్చు, పితికేదెవరు?" అని ఆడవాళ్ళు అడిగినారు. న్యాయమైన ప్రశ్న. గింజలు రాత్రి నానబెట్టి, తెల్లారి ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య నొక్కితేనే పప్పు జారి బయటికొచ్చేది. తెలుగులో పితికిపప్పు, మేము చదివిన తమిళంలో పిదుక్కు పరుప్పు, కన్నడలో హితికిద అవరెబేళె. మూడింట్లోనూ పేరే పని చెప్తుంది, మూడిళ్ళల్లోనూ ఆ పని ఆడవాళ్ళదే. అరకిలో పప్పుకు గంట పైనే కూర్చోవాల.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసినాక, మారికుప్పం బండెక్కి బెంగళూరు పోయి రాత్రికి తిరిగొచ్చే ఇళ్ళల్లో ఆ గంట యాడుంది? రైల్వేలో గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ ఆ బండిని చూసినాం. అలిసిపోయిన ఆడవాళ్ళు సీట్లలో కూర్చునే కాయలు ఒలుచుకునేవాళ్ళు. పక్కన మగవాళ్ళు పేకాట.

పితికిన పప్పే అంగట్లో దొరుకుతుంది గదా అంటారు. దొరుకుతుంది, కానీ పొద్దంతా నీళ్ళలో నానినదానికి సొగడు ఉండదు. హెబ్బాళ రకాలొచ్చి ఏడాది పొడుగునా కాయ వస్తోంది, మంచిదే. మంచు పడ్డ కాయ వాసన వేరని మా నాలుక చెప్తుంది.

వండేది కష్టం కాదు. కిలో మాంసానికి అరకిలో పప్పు. ముందు మాంసం పసుపు, ఉప్పు వేసి ముక్కాలు వంతు ఉడకాల. ధనియాలు, ఎండుమిరపకాయలు, చెక్క, లవంగం వేయించి, గసగసాలు, కొబ్బరి, ఉల్లి, అల్లం, తెల్లగడ్డతో నూరి కలపాల. మసాలా పచ్చివాసన పోయినాకే పప్పు. పావుగంట చాలు. మాంసంతోపాటే పప్పు కుక్కరులో వేసి విజిళ్ళు పెట్టేవాళ్ళను చూస్తే మాకు కడుపు మండుతుంది. అది కూర కాదు, గంజి.

కూటానికి ముందురోజు సాయంత్రం పది కిలోల కాయలతో మేము వస్తాం. ఒలిచి నానబెడదాం, తెల్లారి పితుకుదాం. ఎవరెవరు కూర్చుంటారో కింద పేర్లు రాయండి. మగవాళ్ళే.