కంపెనీ పేరు కాదు, కుర్చీ ఏదో అడగండి

నేను చదువుకున్నదంతా ఇంగ్లీషు మీడియంలోనే. తెలుగు ఇంట్లో మాట్లాడేదాన్ని గానీ, రాయడం రిటైరయ్యాకే నేర్చుకున్నాను. అందుకని చిన్న చిన్న వాక్యాలే రాస్తాను. విషయం మాత్రం నాకు బాగా తెలిసినదే. ఒక పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీలో నేను 23 ఏళ్ళు పనిచేశాను.

మా గుడిలో తల్లిదండ్రులు నన్ను తరచుగా అడుగుతుంటారు. "ఆంటీ, మావాడికి ఫలానా కంపెనీలో ఆఫర్ వచ్చింది. మంచిదేనా?" కంపెనీ పేరు చెప్పేటప్పుడు వాళ్ళ ముఖాలు వెలిగిపోతాయి. "ఏ పనికి?" అని నేను అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఆ సంగతి తెలియకుండా ఎవరూ సంతకం పెట్టకూడదని నా అభిప్రాయం. భవనం ఒకటే, బోర్డు ఒకటే. లోపల మాత్రం నాలుగైదు రకాల జీవితాలు ఉంటాయి.

సినిమాల్లో అయితే అందరూ ఫోన్లో అరుస్తూ షేర్లు కొంటుంటారు. నిజానికి కొనేవాళ్ళు కొద్దిమందే. మిగతావాళ్ళు లెక్కలు చూస్తారు, ప్రోగ్రాములు రాస్తారు, చట్టం ప్రకారం అంతా జరుగుతోందా అని చూస్తారు, ఖాతాదారుల ఫోన్లకు జవాబు చెబుతారు.

నాది లెక్కల పని. అమెరికాలో మ్యూచువల్ ఫండ్ ధర రోజుకు ఒక్కసారే తేలుతుంది. న్యూయార్క్ మార్కెట్ సాయంత్రం 4 గంటలకు మూస్తారు. అప్పుడు ఫండ్‌లో ఉన్న ప్రతి షేరుకూ ఆ రోజు ధర వేయాలి. రావలసిన డివిడెండ్లు కలపాలి, ఖర్చులు తీసేయాలి. మిగిలినదాన్ని ఫండ్ వాటాల సంఖ్యతో భాగించాలి. వింటే నాలుగో తరగతి లెక్కలా ఉంటుంది. కానీ ఫండ్‌లో వందల కంపెనీలు ఉంటాయి. ఒక కంపెనీ ఆ రోజే ఒక్కో షేరును రెండు చేసి ఉంటుంది. ఇంకో దేశంలో ఆ రోజు సెలవు. ధర తప్పితే ఆ రోజు కొన్నవాళ్ళకో, అమ్మినవాళ్ళకో అన్యాయం జరుగుతుంది. వాళ్ళలో ఎక్కువమంది రిటైర్మెంట్ కోసం దాచుకుంటున్న మామూలు మనుషులు.

ఆ పనిలో సాయంత్రం 4 నుంచి ఆరున్నర దాకా నేను ఎవరికీ దొరికేదాన్ని కాదు. పిల్లల సాకర్ ఆటలు, టీచర్లతో మీటింగులు అన్నీ మావారే చూసుకున్నారు. మా టీమ్‌లో సగం మంది హైదరాబాదులో ఉండేవాళ్ళు. మాకు సాయంత్రం 4 అయితే వాళ్ళకు అర్ధరాత్రి దాటి ఒకటిన్నర, చలికాలంలో రెండున్నర. వాళ్ళు పోగొట్టుకున్నది నాకంటే ఎక్కువే. అయినా నాకు ఏడింటికల్లా పని అయిపోయేది. శని, ఆదివారాలు నావే. మొదటిరోజే ఈ సంగతి తెలుసు కాబట్టి ఒప్పుకుని చేశాను.

అదే భవనంలో పై అంతస్తు వేరే లోకం. కంపెనీలను కొనడం, అమ్మడం, కొత్తగా మార్కెట్లోకి తేవడం వాళ్ళ పని. వాళ్ళకు గడియారం లేదు, క్లయింటే గడియారం. 2021లో గోల్డ్‌మన్ శాక్స్‌లో మొదటి ఏడాది ఉద్యోగులు 13 మంది తమలో తాము ఒక సర్వే చేసుకున్నారు. సగటున వారానికి 95 గంటల పని, రాత్రికి 5 గంటల నిద్ర అని తేలింది. ఆ సర్వే బయటికి వచ్చి పేపర్లన్నీ రాశాయి. అదే ఏడాది కంపెనీ వాళ్ళ జీతం 85,000 డాలర్ల నుంచి 1,10,000 డాలర్లకు పెంచింది. 2024లో జేపీ మోర్గన్ కుర్ర బ్యాంకర్లకు వారానికి 80 గంటలు అని హద్దు పెట్టింది. 80 గంటలంటే ఆదివారం కూడా కలుపుకుని రోజుకు పదకొండు గంటల పైమాటే. హద్దే అంత!

మా గుడిలో అన్నదానం రోజున వడ్డించడానికి ఒక అబ్బాయి ప్రతివారం వచ్చేవాడు. అలాంటి ఉద్యోగంలో చేరాక ఉగాదికి మాత్రం వచ్చాడు. పులిహోర ప్లేటు చేతిలో ఉండగానే కూర్చుని నిద్రపోయాడు. వాళ్ళమ్మ గర్వంగానే ఉంది, భయంగానూ ఉంది. ఆ ఉద్యోగాన్ని నేను తక్కువ చేయను. రెండేళ్ళలో చాలా పని నేర్చుకుంటారు, చదువు అప్పు తీరుతుంది. తెలిసి ఎంచుకుంటే మంచిదే. పేరు చూసి పెద్దవాళ్ళు తోస్తేనే నాకు అభ్యంతరం.

లెక్కల కుర్చీని చిన్నచూపు చూడటం కూడా నాకు నచ్చదు. బేరింగ్స్ అని లండన్‌లో 1762లో పుట్టిన బ్యాంకు ఉండేది. సింగపూర్‌లో నిక్ లీసన్ అనే ఉద్యోగి కొనడం, అమ్మడం చేసేవాడు. ఆ లెక్కల విభాగం కూడా అతని చేతిలోనే ఉండేది. నష్టాలన్నీ ఒక ఖాతాలో దాచాడు. 1995లో చూసుకునేసరికి నష్టం 82 కోట్ల పౌండ్లు దాటింది. 233 ఏళ్ళ బ్యాంకు కూలిపోయింది. తెలుగులో దీన్ని "అసలుకే ఎసరు" అంటారు. అసలు అంటే మనం పెట్టిన మొదటి డబ్బు, దాని మీద వచ్చేది వడ్డీ.

మా గుడిలో హుండీ ఒక్కరే లెక్కపెట్టరు. ఇద్దరు లెక్కపెడతారు, మూడోవారు సంతకం చేస్తారు. ఎవరి మీదా అనుమానంతో కాదు, డబ్బు మనది కాదు కాబట్టి. గుడి సొమ్ము చూసేవారిని ధర్మకర్త అంటాం. ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీలో మంచి కుర్చీలన్నీ ఆ మాటకు దగ్గరగా ఉంటాయి.

కాబట్టి ఆఫర్ వస్తే మూడు ప్రశ్నలు అడగండి. నా పనికి గడువు పెట్టేది గడియారమా, క్లయింటా? నా పనిని రెండోసారి ఎవరు చూస్తారు? నాకంటే ముందు ఈ కుర్చీలో ఉన్నవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు? జీతం వాళ్ళే చెబుతారు, ఇవి మాత్రం మీరే అడగాలి.

ఆ జవాబులు వచ్చాక మీ పని ఏమిటో మీ అమ్మమ్మకు తెలుగులో ఒక్క వాక్యంలో చెప్పి చూడండి. "షేర్ మార్కెట్లో చేస్తున్నా" అంటే సరిపోదు. నేను మా అమ్మమ్మకు ఇలా చెప్పాను: "ఎవరెవరో దాచుకున్న డబ్బుకు రోజూ సాయంత్రం లెక్క కడతాను." ఆవిడ వెంటనే అడిగింది, "సరిగ్గా కడుతున్నావా?" అని. నా ఉద్యోగం గురించి అంత సరైన ప్రశ్న ఆఫీసులో కూడా ఎవరూ అడగలేదు.